టకుయినమ్ సానిటాటిస్ చిత్రాల్లో స్త్రీల శ్రమ

పదకొండో శతాబ్దంలో బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ అరబిక్‌లో పట్టికల రూపంలో రాసిన ‘తక్వీమ్ అస్‌సిహ్హా’ (ఆరోగ్య పట్టిక) పదమూడో శతాబ్దంలో లాటిన్‌లోకి అనువాదమై, పద్నాలుగో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఉత్తర ఇటలీలోని లొంబార్దీ ప్రాంతంలో ప్రభు కుటుంబాల కోసం పుటకొక పెద్ద చిత్రంతో ముస్తాబైంది. ఈ లాటిన్ రూపానికి టకుయినమ్ సానిటాటిస్ అని పేరు; చిత్రిత ప్రతుల్లో ముఖ్యమైనవి నేడు వియన్నా, పారిస్, రోమ్ గ్రంథాలయాల్లో ఉన్నాయి.

చిత్రం కింద ఉండే నాలుగు ముక్కల రాత అందులోని ఆహార పదార్థపు స్వభావాన్ని, అంటే అది వేడి చేసేదో చలవ చేసేదో, పొడిదో తడిదో చెప్పి, మేలును, కీడును, కీడుకు విరుగుడును వివరిస్తుందే తప్ప దాన్ని పండించినవారిని తలవదు. ఆ లోటును బొమ్మే తీరుస్తుంది. కూరమడిలో ఆకులు కోసే స్త్రీలు అనేక పుటల్లో కనిపిస్తారు. వియన్నా ప్రతిలోని ‘త్రీ’ (సేమియా వంటి పిండివంట) చిత్రంలో ఒకామె బల్ల మీద పిండి పిసుకుతుండగా, మరొకామె పొడవాటి పోగులను రెండు చేతులా పట్టి దండెం మీద ఆరవేస్తుంది. చేను, వాకిలి, వంటిల్లు ఒకే శ్రమలో భాగాలన్న సంగతి ఇంత స్పష్టంగా పట్టిచ్చే మధ్యయుగ చిత్రాలు అరుదు. అయితే ఇవి కొనగలిగిన సంపన్నుల కంటికి ఇంపుగా గీసినవి కాబట్టి, అలసట ఎరుగని ఆ ముఖాలను నాటి పల్లె బతుకుకు యథాతథ సాక్ష్యంగా తీసుకోరాదు. పనిముట్లు, చేతుల కదలికల విషయంలో మాత్రం అవి విలువైన ఆధారాలు.