కేథే కోల్విట్జ్: నిబద్ధత - నిత్యకృషి

ప్రజల పక్షాన నిలిచే కళకు నిబద్ధత వుంటే చాలు, శిల్పసాధన తీరికున్నవాళ్ల వ్యవహారం అనే వాదన మన చర్చల్లో తరచు వినవస్తుంది. ఈ వాదనతో నాకు పేచీ వుంది. జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ (1867-1945) జీవితం దీనికి గట్టి జవాబని నా అభిప్రాయం.

1891లో ఆమె పెళ్లి చేసుకుని బెర్లిన్ కార్మికవాడకు వచ్చింది. భర్త కార్ల్ అక్కడి పేదలకు వైద్యుడు. ఆయన దగ్గరకు వచ్చే శ్రామిక స్త్రీలు ఆమె బొమ్మల్లోకి కూడా వచ్చారు. 1893లో హౌప్ట్‌మన్ నాటకం 'నేతగాళ్లు' చూసి కదిలిపోయి, నేతపనివారి తిరుగుబాటును చిత్రించ పూనుకుంది. ఆరు చిత్రాలు పూర్తయ్యేసరికి 1897 వచ్చింది. 'రైతాంగ యుద్ధం' చిత్రమాలకు 1902 నుంచి 1908 దాకా పట్టింది. ఆవేశం ఒక్క సాయంత్రంలో కలగవచ్చు. దాన్ని రేకు మీద, రాతి మీద నిలబెట్టింది ఏళ్ల తరబడి సాగిన పని.

1919 జనవరిలో కార్ల్ లీబ్‌నెక్ట్ హత్యకు గురయ్యాడు. ఆయన కుటుంబం కోరగా ఆమె మృతదేహాన్ని చూసి బొమ్మలు గీసింది. ఎచింగ్ చేసింది, లితోగ్రాఫ్ చేసింది, రెండూ తృప్తినివ్వలేదు. బార్లాక్ వుడ్‌కట్లు చూశాక కొత్తగా ఆ పద్ధతి చేపట్టి 1920లో పూర్తిచేసింది. ఆమె లీబ్‌నెక్ట్ పార్టీ మనిషి కాదు. అయినా కార్మికులు తమ నాయకుడికి వీడ్కోలు చెప్పే ఆ చిత్రం విప్లవకళలో నిలిచిపోయింది.

అంతకన్నా బలమైన ఉదాహరణ మరొకటి వుంది. 1914 అక్టోబరులో పద్ధెనిమిదేళ్ల కొడుకు పీటర్ బెల్జియంలో యుద్ధానికి బలయ్యాడు. అతను సైన్యంలో చేరటానికి తండ్రిని ఒప్పించింది ఆమే. ఆ సంవత్సరమే స్మారకశిల్పం తలపెట్టింది. అప్పటి వూహలో కేంద్రం యువకుల త్యాగం, కొడుకు శరీరం. 1919లో ఆ పని ఆపేసింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. 1932లో బెల్జియం సైనిక శ్మశానంలో నిలిచింది మాత్రం మోకరిల్లిన తల్లి, తండ్రి. కొడుకు బొమ్మ లేదు. త్యాగాన్ని కీర్తించబోయిన శిల్పం బతికివున్నవాళ్ల దుఃఖంగా, అపరాధంగా మారింది. అనుభవాలతోపాటు పదేపదే చేసి చెరిపిన ఆ పని కూడా ఆమె ఆలోచనను మార్చిందని నేననుకుంటున్నాను. వస్తువు ముందే సిద్ధంగా వుంటుందనీ, శిల్పం దానికి తొడిగే చొక్కా అనీ భావించేవారు దీన్ని గమనించాలి.

1933లో నాజీలు ఆమెను అకాడమీ నుంచి వెళ్లగొట్టారు. 1934-37 మధ్య ఎనిమిది లితోగ్రాఫులతో 'మరణం' మాల చేసింది. డెబ్బైనాలుగేళ్ల వయసులో చేసిన చివరి లితోగ్రాఫులో ఒక తల్లి పిల్లల్ని చేతుల కింద దాచుకుంటుంది.

భర్త సంపాదన, ఇంటిపనికి మనిషి వుండబట్టి ఆమెకు ఈ వెసులుబాటు దొరికిందని కొందరు అనవచ్చు. నిజమే. తీరిక కూడా వర్గసమస్యే. కనుక పనిచేసుకునే కాలం కోసం రచయిత పోరాడవలసిందే. అయితే దొరికిన గంటలో మొదటి ప్రతినే చివరి ప్రతిగా పత్రికకు పంపటాన్ని ఆ సమస్య పేరుతో సమర్థించుకోలేం.