ఆయిల్ ప్రెషర్ తగ్గడం (పాత డీజిల్ ఇంజన్లు)

బేరింగులకు చేరే నూనె ఒత్తిడి ఉండాల్సిన దానికంటే పడిపోవడం. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో ఉడికించి ఎండబెట్టిన పసుపును ట్రాక్టరుతో తిరిగే డ్రమ్ముల్లో పాలిష్ చేస్తారు. అలా ఎండల్లో గంటల తరబడి నిలబెట్టి నడిపే పాత బండ్లలో ఈ లోపం ఇంజన్ కాగాకే బయటపడుతుంది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసిన గేజి ముల్లును నమ్మడానికి లేదు. వేడి మీద నిమిషానికి ప్రతి 1000 చుట్లకు సుమారు 10 పిఎస్ఐ అన్నది మెకానిక్కుల మోటు లెక్క, అసలు కొలత కంపెనీ పుస్తకంలోదే.

ముందు డిప్‌స్టిక్ తీయాలి. మట్టం పెరిగి, నూనె పలచబడి డీజిల్ వాసన కొడితే ఇంజెక్టరో ఫీడ్ పంపు డయాఫ్రమో కారుతుండవచ్చు. తర్వాత మరో గేజి బిగించి చూడాలి, ఒక్కోసారి తప్పు గేజికి ఒత్తిడి తెలిపే సెండర్‌దే. చిక్కటి నూనె పోస్తే ముల్లు లేస్తుంది గాని అరుగుదల ఆగదు. మరో గేజిలోనూ ఒత్తిడి తక్కువే ఉంటే స్ట్రైనర్, రిలీఫ్ వాల్వు స్ప్రింగు, పంపు చూసి బేరింగులు విప్పాలి. బేరింగు షెల్ మీది బూడిదరంగు పూత పోయి రాగిరంగు తేలితే మార్చాల్సిందే.