ఉగాది – గుడీ పాడ్వా: పుట్టుపూర్వోత్తరాలు, ఆచారాలు

చైత్ర శుద్ధ పాడ్యమి నాటి ఉదయం మన షోలాపూర్ వీధులలో నడచి చూడండి. ఒక వాకిట మామిడాకుల తోరణం, లోపల కొత్త కుండలో పచ్చడి. పక్క వాకిట వెదురు కర్రకు కట్టిన పట్టువస్త్రం, దానిపై బోర్లించిన రాగి చెంబు. మనకు అది ఉగాది. మరాఠీ సోదరులకు గుడీ పాడ్వా. కొన్నేండ్ల క్రితం ఏడవ తరగతి బాలిక ఒకతె నన్ను అడిగింది: "టీచర్, మా ఇంట్ల గుడీ పెడ్తరు, పచ్చడి గూడ చేస్తరు. మరి మనది ఉగాదా, పాడ్వానా?" ఆనాడు "రెండూ మనవే తల్లీ" అని పంపివేశాను. ఆ మాటకు ఆధారమేమిటో ఈ ప్లాటినం జూబిలీ సంచికలో వివరించడం నా విధి అని భావిస్తున్నాను.

'యుగాది' అనే సంస్కృత పదమే తెలుగున 'ఉగాది' అయినది. మన 'పాడ్యమి', వారి 'పాడ్వా' రెండూ 'ప్రతిపద' శబ్దం నుండి పుట్టినవే. బ్రహ్మదేవుడు ఈ తిథినాడే జగత్తును సృష్టించాడని బ్రహ్మపురాణ వచనంగా పెద్దలు చెబుతారు. గుడికి 'బ్రహ్మధ్వజం' అనే పేరు కూడా ఉన్నది.

రెండవ ఐతిహ్యం శాలివాహనునిది. కుమ్మరి ఇంట పెరిగిన ఆ బాలుడు మట్టి బొమ్మల సైన్యానికి ప్రాణం పోసి శత్రువులను జయించాడని, ఆ విజయానికి గుర్తుగా గుడి నిలిపారని కథ. ఇది కథయే గాని చరిత్ర కాదు. క్రీ.శ. 78లో మొదలైన శకానికి శాలివాహనుని పేరు చేరినది అనేక శతాబ్దాల తరువాతనే. అయితే ఆ పేరు తలపించే శాతవాహనులు చరిత్ర పురుషులు. వారి రాజధాని ప్రతిష్ఠానం, నేడు మహారాష్ట్రలో గోదావరి ఒడ్డున ఉన్న పైఠాన్. వారి శాసనాలు నాసిక్ గుహలలోనూ ఉన్నవి, అమరావతిలోనూ ఉన్నవి. ఆంధ్ర, మహారాష్ట్రలను ఏలిన రాజులు ఒక్కరే. ప్రవహించే గోదావరి ఒక్కటే.

ఇక కాలగణన. తమిళులు సూర్యుని మేష సంక్రమణాన్ని బట్టి ఏప్రిల్ మధ్యలో సంవత్సరాదిని జరుపుకుంటారు. తెలుగువారు, కన్నడిగులు, మహారాష్ట్రులు చాంద్రమానాన్ని పాటిస్తారు. అమావాస్యతో మాసం ముగిసే పద్ధతి ఈ ముగ్గురికీ సమానం. చాంద్ర సంవత్సరానికి సుమారు 354 దినాలు. అంటే సౌర సంవత్సరం కంటె సుమారు 11 దినాలు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి 32, 33 నెలలకు ఒక అధికమాసం వస్తుంది. అందువల్లనే ఉగాది వసంతాన్ని విడిచి పోదు. వేప పూచే వేళకే వస్తుంది. సంవత్సర నామం కూడా ఒక్కటే. 2025 మార్చి 30న తెలుగు పంచాంగంలోనూ మరాఠీ పంచాంగంలోనూ శకం 1947, విశ్వావసు నామ సంవత్సరమే ప్రవేశించినది.

ఆచారాలలోనూ ఈ బంధుత్వం కనిపిస్తుంది. రెండిళ్లలోనూ తెల్లవారుజామున తలంటు స్నానం, నూతన వస్త్రధారణ. మనం వేపపువ్వు, కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడి, ఉప్పు, కారం కలిపి షడ్రుచుల పచ్చడి సేవిస్తాము. వారు వేపాకును బెల్లంతో కలిపి తింటారు. గుడికి వేపరెమ్మ, పంచదార చిలకల దండ కట్టి, సూర్యాస్తమయానికి దింపుతారు. తెలంగాణ నుండి మగ్గాలతో ఇక్కడకు వచ్చిన మన పెద్దలు వెంట తెచ్చుకున్న భక్ష్యాలు, పక్కింటి పురణపోళీ ఒకే వంటకం. చేదును తీపితో కలిపి మొదటి ముద్దగా స్వీకరించడమే ఉభయుల సంప్రదాయం.

మనకు ముఖ్యమైనది పంచాంగ శ్రవణం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదు అంగాలను, ఆ ఏటి నవనాయకులను, ఆదాయ వ్యయాలను సాయంవేళ గుడిలో కూర్చుండి వింటాము. ఉగాది ఏ వారమున వస్తే ఆ వారాధిపతియే రాజు. 2025లో ఆదివారం కనుక సూర్యుడు రాజైనాడు. నా బాల్యంలో ఆ శ్రవణానికి చాపలు చాలేవి కావు. నేడు వినే వారిలో నెరసిన తలలే ఎక్కువ. నా ఉద్యోగ కాలంలోనే తెలుగు మాధ్యమ తరగతులలో బల్లలు ఖాళీ అవుతూ వచ్చినవి. పిల్లలు మరాఠీ చక్కగా మాట్లాడడం మనకు గర్వకారణమే. కాని పచ్చడి రుచి తెలిసి దాని పేరు చదవలేని తరం వస్తే, ఆ బాలిక ప్రశ్నకు 'రెండూ మనవే' అని చెప్పే హక్కు మనకు ఉండదు.

ప్రభవ మొదలు అక్షయ వరకు సంవత్సర నామాలు అరువది. అరువదేండ్లకు మనిషి పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వస్తుంది, అదే షష్టిపూర్తి. డెబ్బది ఐదేండ్లు నిండిన మన పాఠశాల పుట్టిన సంవత్సరం పేరు ఒకసారి తిరిగి వచ్చి పదునైదేండ్లయినది. అది రెండవసారి వచ్చేనాటికి మరి నలుబది ఐదేండ్లు. ఆనాడు నేను ఉండను. ఈ సంచిక చదువుతున్న చిన్నారులు తమ మనుమలతో ఆ పేరును తెలుగులో పలికిస్తారని ఆశిస్తున్నాను. ఈ ఉగాదికి మీ ఇంటి పచ్చడి గిన్నెను పక్కింటికి పంపండి. వారి గుడికి నమస్కరించండి. ఆ సాయంత్రం మీ బిడ్డలను వెంటబెట్టుకొని పంచాంగ శ్రవణానికి రండి.