కారు స్క్రీన్‌కు ఫోన్ కలుపుతున్నారా? ఎక్కడానికి ముందు, అమ్మడానికి ముందు తెలుసుకోవాల్సినవి

సెకండ్ హ్యాండ్ కారు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లిన చాలామందికి ఇది అనుభవమే. కారు స్టార్ట్ చేయగానే స్క్రీన్ వెలుగుతుంది. ఫోన్ బొమ్మ మీద నొక్కితే పాత ఓనర్ కాంటాక్ట్‌లు, ఆఖరున మాట్లాడిన కాల్స్, 'హోమ్' పేరుతో సేవ్ చేసిన ఇంటి అడ్రస్ ఒక్కొక్కటే కనిపిస్తాయి. కారు అమ్మినాయన ఆర్‌సీ బదిలీ చేశారు, తాళాలు రెండూ ఇచ్చేశారు. తన ఫోన్ పుస్తకం కూడా కారుతోపాటే వెళ్లిపోయిందన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

ఇప్పుడు మధ్యస్థాయి కార్లలోనూ టచ్‌స్క్రీన్ మామూలైపోయింది. కానీ షోరూమ్‌లో డెలివరీ రోజున పది నిమిషాల్లో చెప్పేసే విషయాలతో దాన్ని పూర్తిగా వాడుకోలేం. ఫోన్ ఎలా కలపాలి, కలవకపోతే ఏం చూడాలి, చట్టం ఏం చెబుతోంది, కారు చేతులు మారేటప్పుడు ఏం చెరిపేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫోన్, కారు కలిసే దారులు మూడు

మొదటిది బ్లూటూత్. కాల్స్ మాట్లాడటానికి, పాటలు వినడానికి ఇది చాలు. జత చేసేటప్పుడు 'కాంటాక్ట్‌లు, కాల్ హిస్టరీ చూడటానికి అనుమతి ఇవ్వాలా?' అని ఫోన్ అడుగుతుంది. 'సరే' అంటే ఆ వివరాలు కారు సిస్టమ్‌లోకి కాపీ అవుతాయి. పైన చెప్పిన సమస్యకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

రెండోది కేబుల్‌తో పనిచేసే ఆండ్రాయిడ్ ఆటో లేదా యాపిల్ కార్‌ప్లే. ఇందులో మ్యాప్, పాటల యాప్‌లు నడిచేది మీ ఫోన్‌లోనే. కారు స్క్రీన్ వాటిని చూపిస్తుంది, మీరు స్క్రీన్ మీద నొక్కింది ఫోన్‌కు చేరవేస్తుంది. అందుకే ఖర్చయ్యేది మీ ఫోన్ డేటాయే.

మూడోది వైర్‌లెస్. ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది. వైర్‌లెస్ అంటే బ్లూటూత్ ఒక్కటే కాదు. ఫోన్, కారు బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి, ఆ తర్వాత బొమ్మ, శబ్దం వైఫై మీద వెళ్తాయి. కాబట్టి ఫోన్‌లో వైఫై ఆపేస్తే వైర్‌లెస్ కనెక్షన్ రాదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఆండ్రాయిడ్ 11 లేదా ఆపై వెర్షన్, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి. కారు సిస్టమ్‌కు కూడా వైర్‌లెస్ సదుపాయం ఉండాలి. కొన్ని మోడళ్లలో కింది వేరియంట్‌కు కేబుల్ కనెక్షన్, పై వేరియంట్‌కు వైర్‌లెస్ ఇస్తారు. బుక్ చేసే ముందే అడగండి.

మొదటిసారి ఎలా కలపాలి?

కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి మొదలుపెట్టండి. బండి కదులుతుంటే చాలా సిస్టమ్‌లు మొదటి జతను ఒప్పుకోవు.

ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లలో ఆండ్రాయిడ్ ఆటో ముందే ఉంటుంది. వేరుగా యాప్ వేసుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెతికే చోట 'ఆండ్రాయిడ్ ఆటో' అని టైప్ చేస్తే దాని పేజీ వస్తుంది. కేబుల్ పెట్టగానే ఫోన్ అడిగే అనుమతులు చదివి ఒప్పుకోండి.

ఐఫోన్‌లో సిరి ఆన్‌లో ఉండాలి. సెట్టింగ్స్‌లో 'జనరల్', అందులో 'కార్‌ప్లే' నొక్కితే దగ్గర్లోని కారు పేరు కనిపిస్తుంది. ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడూ కార్‌ప్లే పనిచేయాలా అని అడిగితే 'అలో' చేయండి. లేకపోతే ప్రతిసారీ ఫోన్ తెరవాల్సి వస్తుంది.

కలవడం లేదా? ఈ వరుసలో చూడండి

సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు ఇంట్లోనే తేలిపోయే కారణాలు ఇవి.

1. కేబుల్: బజార్లో దొరికే కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి, డేటా వెళ్లదు. ఫోన్ ఛార్జ్ అవుతూ స్క్రీన్ మీద ఏమీ రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఫోన్‌తో వచ్చిన కేబుల్ పెట్టి చూడండి. పొడవు మీటరు లోపు ఉంటే మంచిది. మధ్యలో హబ్, ఎక్స్‌టెన్షన్ వద్దు.

2. సాకెట్: కారులో రెండు మూడు యూఎస్‌బీ సాకెట్లు ఉన్నా స్క్రీన్‌కు కలిసేది చాలా కార్లలో ఒక్కటే. మిగతావి ఛార్జింగ్‌కే. దాని దగ్గర ఫోన్ బొమ్మో, యూఎస్‌బీ గుర్తో ఉంటుంది. లేదంటే కారు మాన్యువల్‌లో చూడండి.

3. ఫోన్ సాకెట్‌లో దుమ్ము: జేబులో పెట్టుకునే ఫోన్‌లో నూలుపోగులు చేరి కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు. చిన్న కుదుపుకే కనెక్షన్ పోతుంటే కారణం ఇదే కావచ్చు.

4. బ్యాటరీ సేవర్, వీపీఎన్: ఇవి ఆన్‌లో ఉంటే వైర్‌లెస్ కనెక్షన్ ఆగిపోవచ్చు. ఆపి చూడండి.

5. పాత జత తీసేయడం: కారులోంచి ఫోన్‌ను, ఫోన్‌లోంచి కారును రెండు వైపులా 'ఫర్‌గెట్' లేదా 'డిలీట్' చేసి మళ్లీ కలపండి. ఒకవైపే తీసేస్తే సమస్య అలాగే ఉంటుంది.

6. అప్‌డేట్: ఫోన్ కొత్త వెర్షన్‌కు మారాక సమస్య మొదలైతే కారు సిస్టమ్‌కూ అప్‌డేట్ ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఎండాకాలంలో ఇంకో సమస్య ఉంది. జీపీఎస్, వైఫై, వైర్‌లెస్ ఛార్జింగ్ మూడూ కలిసి ఫోన్‌ను వేడెక్కిస్తాయి. పైగా అద్దం దగ్గర ఎండ. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటని వాతావరణంలో వాడాలని యాపిల్ చెబుతుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతుంది. ఫోన్‌ను ఏసీ గాలి తగిలే చోట పెట్టి, వైర్‌లెస్ ఛార్జింగ్ ఆపేస్తే మ్యాప్ మధ్యలో ఆగిపోకుండా ఉంటుంది. పార్క్ చేసిన కారులో ఫోన్ వదిలేయకండి.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు దాటాక ఏమవుతుందో తెలుసు. నల్లమల అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. స్క్రీన్ ఎంత పెద్దదైనా, మ్యాప్ నడిచేది ఫోన్ డేటా మీదే కాబట్టి అక్కడ దారి తప్పితే కొత్త దారి వెతకడం కష్టం. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి 'ఆఫ్‌లైన్ మ్యాప్స్'లో ఆ ప్రాంతాన్ని ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకోండి. అరకు, మారేడుమిల్లి ఘాట్‌లకు వెళ్లేటప్పుడూ ఇదే పద్ధతి.

గమ్యం కూడా ఇంటి దగ్గరే సెట్ చేయండి. దారిలో కాల్ చేయాల్సిన వాళ్ల పేర్లు కాంటాక్ట్‌లో చిన్నగా, పలకడానికి వీలుగా ఉండాలి. 'బావ వైజాగ్ కొత్త నంబర్ 2' అని సేవ్ చేస్తే వాయిస్ అసిస్టెంట్ తికమకపడుతుంది. 'వైజాగ్ బావ' అంటే చాలు. అత్యవసర సాయానికి 112, అంబులెన్స్‌కు 108, జాతీయ రహదారుల మీద సాయానికి 1033 కూడా సేవ్ చేసుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. సెక్షన్ 184 ప్రకారం నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందకు వస్తుంది. మొదటిసారి అయితే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. అక్కడికక్కడ కట్టే చలానా ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

మరి మ్యాప్ చూడొచ్చా? 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడొచ్చు. అది కూడా డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా ఉండాలి. అంటే హోల్డర్‌లో పెట్టిన ఫోన్‌లోనో, కారు స్క్రీన్ మీదో దారి చూడటం సరే. సిగ్నల్ దగ్గర చేతిలోకి తీసుకుని వాట్సాప్ చూడటం కాదు.

ఇక్కడ లెక్క కూడా ఒకటుంది. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. స్క్రీన్ మీద పాట మార్చడానికి 3 సెకన్లు కళ్లు తిప్పితే 66 మీటర్లు రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. ఫోన్ చేతిలో లేనంత మాత్రాన ప్రమాదం తప్పదు. పాట మార్చడం, మెసేజ్ చదివించుకోవడం స్టీరింగ్ మీది వాయిస్ బటన్‌తో చేయండి, లేదా పక్క సీటులో ఉన్నవారికి అప్పగించండి.

పోలీసులు ఆపితే, పత్రాలు ఫోన్‌లోనే ఉంటే?

డిజీలాకర్ లేదా ఎంపరివాహన్ యాప్‌లో ఉన్న లైసెన్స్, ఆర్‌సీ అసలు పత్రాలతో సమానం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2018లోనే ఈ మేరకు మార్పు చేశారు. అయితే గ్యాలరీలో ఉన్న ఫొటో, స్క్రీన్‌షాట్‌కు ఆ విలువ లేదు. యాప్ తెరిచి చూపాలి. కారు పక్కకు ఆపి, కేబుల్ తీసి, ఆ పేజీ తెరిచాక చూపండి. లాగిన్ పిన్ గుర్తుందో లేదో ప్రయాణానికి ముందు ఒకసారి సరిచూసుకుంటే ఓటీపీ కోసం రోడ్డు పక్కన సిగ్నల్ వెతుక్కునే అవస్థ ఉండదు.

అద్దె కారులో జాగ్రత్త

సెల్ఫ్ డ్రైవ్ కారు రెండు రోజులకు తీసుకున్నారు. బ్లూటూత్ కలిపేటప్పుడు కాంటాక్ట్‌ల అనుమతి అడిగితే 'వద్దు' అనండి. పాటలకు, కాల్ ఎత్తడానికి అది లేకున్నా ఇబ్బంది లేదు. ఛార్జింగ్ ఒక్కటే కావాలంటే కారు యూఎస్‌బీకి బదులు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే సొంత ఛార్జర్ వాడండి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు పెట్రోల్ మీటర్ ఫొటో తీసుకున్నట్టే, జత చేసిన ఫోన్ల జాబితాలోంచి మీ పేరు తీసేయడమూ అలవాటు చేసుకోండి.

బయట స్క్రీన్ పెట్టించుకుంటున్నారా?

పాత కారుకు యాక్సెసరీస్ షాపులో స్క్రీన్ వేయించేవారు వైర్లు కోసి అతికించే పద్ధతికి ఒప్పుకోవద్దు. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్‌తో పెట్టమనండి. కోసిన వైర్ల వల్ల షార్ట్ సర్క్యూట్ ముప్పు ఉంటుంది, వారంటీ విషయంలోనూ పేచీ రావచ్చు. ఇలాంటి కొన్ని స్క్రీన్లు తమంతట తామే ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. వాటిలో మీ ప్రధాన గూగుల్ ఖాతాతో లాగిన్ కాకుండా, విడిగా ఒక ఖాతా పెట్టుకోవడం మేలు.

కారు అమ్ముతున్నారా? ఈ ఐదూ చేశాకే తాళం ఇవ్వండి

1. కారు స్క్రీన్ సెట్టింగ్స్‌లో 'ఫ్యాక్టరీ రీసెట్' చేయండి. కాంటాక్ట్‌లు, కాల్ జాబితా, ఇంటి అడ్రస్, వైఫై పాస్‌వర్డ్ పోతాయి. తర్వాత ఒకసారి తెరిచి నిజంగా పోయాయో లేదో చూడండి.

2. మీ ఫోన్‌లో బ్లూటూత్, ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే జాబితాల్లోంచి ఆ కారును తీసేయండి.

3. కారు కంపెనీ కనెక్టెడ్ యాప్ ఉంటే అందులోంచి వాహనాన్ని తొలగించండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదు.

4. ఫాస్టాగ్‌ను జారీ చేసిన బ్యాంకు ద్వారా మూసేయండి. లేదంటే కొన్నవారు దాటే టోల్ మీ ఖాతాలోంచి పోతుంది.

5. బదిలీ సమాచారం రవాణా శాఖకు ఇవ్వండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలపాలి. అప్పటివరకు చలానాలు మీ పేరు మీదే వస్తాయి.

కొంటున్నవారికి ఇంకా ముఖ్యం

పైన మూడో అంశం అమ్మినవారి కంటే కొన్నవారికే ఎక్కువ అవసరం. కనెక్టెడ్ కార్లలో లోపల ఇ-సిమ్ ఉంటుంది. దాని ద్వారా కారు ఎక్కడుందో యాప్‌లో కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో దూరం నుంచే డోర్లు తెరవొచ్చు, ఏసీ ఆన్ చేయొచ్చు. పాత ఓనర్ ఖాతా అలాగే ఉంటే మీరు రోజూ ఎక్కడికి వెళ్తున్నారో ఆయన ఫోన్‌లో తెలిసిపోయే వీలుంది. ఆయనకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. అయినా మీ ఇంటి ఆడపిల్ల రాత్రి డ్యూటీ నుంచి ఒంటరిగా వచ్చే కారు ఎక్కడుందో ఇంకొకరి చేతిలో ఉండకూడదు.

కాబట్టి డబ్బు పూర్తిగా చెల్లించే ముందే, పాత ఓనర్ మీ ఎదురుగా యాప్‌లోంచి కారును తొలగించాలని అడగండి. ఆయన అందుబాటులో లేకపోతే ఆర్‌సీ, గుర్తింపు పత్రంతో కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఖాతా మీ పేరుకు మార్పించుకోండి. అది పూర్తయ్యాకే మీ ఫోన్‌ను ఆ కారుకు కలపండి.