మరక పటముదా, శిలదా?

పాత ఇండ్ల గోడలకు వ్రేలాడు తాతముత్తాతల ఛాయాచిత్రములు కాలము గడచినకొలది పసుపువారును. చెమ్మ తగిలినచోట మరకలు పడును. అట్టి పటములను నేడు కంప్యూటరు సహాయమున బాగుచేయుచున్నారు. కాని మరకను చెరపుటకు ముందు అది ఎక్కడిదో తెలిసికొనవలెను. ముప్పాళ్ళవలెనే పల్నాడు జిల్లాలో చేరిన అమరావతి శిల్పముల చరిత్ర ఈ విషయమును చక్కగా బోధించును.

1845లో వాల్టర్ ఎలియట్ అను అధికారి అమరావతి స్తూపపు దిబ్బను త్రవ్వించి, అనేక శిల్పములను మద్రాసుకు పంపెను. వానికి ‘ఎలియట్ చలువరాళ్ళు’ అని పేరు వచ్చెను. నిజమునకు అవి చలువరాళ్ళు కావు, సున్నపురాళ్ళు. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడైన లిన్నేయస్ ట్రైప్ అచ్చటి మ్యూజియములో వానికి ఫోటోలు తీసెను. మరుసటి సంవత్సరము వానిలో అనేకము ఓడపై లండనుకు పోయెను. నేడవి కొన్ని బ్రిటిష్ మ్యూజియములోను, కొన్ని చెన్నై మ్యూజియములోను ఉన్నవి. ప్రయాణమునకు ముందు ఏ రాయి ఏ స్థితిలో నుండెనో, ఏ పగులు అప్పటికే యున్నదో చెప్పుటకు ఆ ఫోటోలు విలువైన సాక్ష్యములు. పొరపాటున పగులును మరకగా భావించి చెరిపినచో సాక్ష్యమే మారిపోవును.

ఆ కాలపు ఫోటో ఫలకములు ముఖ్యముగా నీలి, ఊదా కాంతులకే స్పందించెడివి. పసుపు, ఎరుపు కాంతులు వానిపై దాదాపు పనిచేయవు. కనుక రాతిపైనున్న తుప్పురంగు డాగు పటములో నల్లని మచ్చగా పడును. అది పటము దోషము కాదు, రాతి లక్షణము.

మరి రెంటిని వేరుపరచుట యెట్లు? రాతి డాగు రాతి అంచుతో ఆగిపోవును. కాగితపు మరక రాతిని దాటి వెనుకభాగము మీదికి, అంచులమీదికి ప్రాకును. రంగు మరియొక గుర్తు. రాతి డాగు పటములోని తక్కిన నీడల రంగులోనే యుండును. కాగితపు మరక రంగు వేరు.

స్కానరు పటమును పిక్సెళ్ళను చిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలి పాళ్ళను 0 మొదలు 255 వరకు గల సంఖ్యలతో తెలుపును. శుభ్రమైన అంచులో ఈ సంఖ్యలు 230, 220, 200 అనియు, మరక పడిన అంచులో 225, 205, 150 అనియు అనుకొందము. పసుపు మరక నీలికాంతిని పీల్చుకొనుటచే నీలి సంఖ్యయే ఎక్కువగా తగ్గినది. మరక యున్నంతమేర నీలిని 200/150, అనగా సుమారు 1.33 చేత హెచ్చించినచో రంగు పొరుగుభాగమునకు చాలవరకు దగ్గరగును. క్రింది శిల్పరేఖ చెడదు. అట్లుగాక ప్రక్క గళ్ళను తెచ్చి అతికించినచో, శిల్పి చెక్కని పూరేకు పుట్టవచ్చును.

రంగు సరిచూచుటలో మరియొక జాగ్రత్త కలదు. 1850లో ఫ్రాన్సు దేశీయుడు బ్లాంకార్-ఎవ్రార్ గ్రుడ్డుసొన పూసిన ఫోటో కాగితమును ప్రకటించెను. ఆ శతాబ్దమున అదియే విశేష ప్రచారము పొందెను. బంగారు లవణముతో శుద్ధిచేసిన అట్టి పటములకు ఊదా కలిసిన గోధుమవర్ణము సహజము. వానిని నలుపుతెలుపులుగా మార్చుట బాగుచేయుట కాదు.

ఇంటి పటమునకైనను ఇదే నియమము. మొదటి స్కానును మార్పులేక దాచవలెను. ప్రతిపైననే దిద్దవలెను. ఏమి దిద్దినదియు వ్రాసియుంచవలెను. మరకను రేపైనను తీయవచ్చును. చెరిపిన సాక్ష్యమును మరల తేలేము.