బాలలు చూడదగిన చిత్రము

మన దేశమున చలనచిత్రములను పరీక్షించు పద్ధతి 1918 నాటి చట్టముతో ప్రారంభమైనది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను నగరములలో సెన్సారు బోర్డులు వెలసినవి. ఆనాటి పాలకులకు బాలల మేలుకంటె ప్రభుత్వ క్షేమమే ముఖ్యము. జమీందారుల దౌర్జన్యమును చూపిన గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ (1939) నిషేధమునకు గురియైనది.

వయస్సు ననుసరించి చిత్రములను ‘యు’, ‘ఎ’ అని విభజించుట 1949 సవరణతో వచ్చినది. ఐదేండ్ల పసివానికిని పదునేడేండ్ల యువకునికిని ఒకటే కొలత!

ఈ పద్ధతినే ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ప్రశ్నించెను. నాలుగు నగరముల కలిమిలేములను చూపిన ఆయన లఘుచిత్రమున వేశ్యావాటిక దృశ్యములున్నవని తొలుత ‘యు’ నిరాకరించిరి. వ్యాజ్యము నడుచుచుండగా ప్రభుత్వమే కోతలు లేక ‘యు’ ఒసగుటకు అంగీకరించెను. అయినను ఆయన పట్టు విడువలేదు. 1970లో సుప్రీంకోర్టు ముందస్తు పరీక్షను సమర్థించుచునే, నియమములు స్పష్టముగా నుండవలెననియు, కళకు తావీయవలెననియు చెప్పెను.

1983లో ‘యుఎ’ వచ్చి, పన్నెండేండ్లలోపు పిల్లల విషయమును తలిదండ్రుల విచక్షణకు వదలెను. 2023 సవరణ దానిని 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విభజించినది. ఈ మెట్లు తలిదండ్రులకు సూచనలే. పిల్లలను ద్వారమువద్దనే ఆపవలసినది ‘ఎ’ చిత్రమునకు.