బాకా పెట్టె పుట్టుపూర్వోత్తరాలు

ఇలా దగ్గరికి జరగండిరా, ఆ కుంపటి కూడా ఇటు లాగండి. పెద్దోడా, పాత సామాన్ల కొట్లో ఇత్తడి బాకా గ్రామఫోను చూశానన్నావు కదా, కొందామా అని అడిగావు కదా. ముందు దాని కథ విను.

1877లో, అమెరికాలోని మెన్లో పార్కులో ఎడిసన్ ఒక బొమ్మ గీసి, తన దగ్గర పనిచేసే క్రూసీకిచ్చి యంత్రం చేయించాడు. గుండ్రటి ఇత్తడి దిమ్మ, దాని చుట్టూ తగరపు రేకు. పిడి తిప్పుతూ మాట్లాడితే సూది ఆ రేకు మీద గంట్లు పెట్టేది. సూదిని మళ్లీ మొదటికి తెచ్చి తిప్పితే అదే గొంతు తిరిగి పలికేది! అంతకుముందు, పోయిన మనిషి గొంతు పోయినట్టేగా.

రేకు కొద్దిసార్లకే పాడైపోయేది. తర్వాత మైనపు గొట్టాలొచ్చాయి. 1887లో బెర్లినర్ అనే ఆయన గొట్టం మానేసి బల్లపరుపు ప్లేటు పట్టుకున్నాడు. ఒక్క అచ్చుంటే ఎన్ని ప్లేట్లయినా తీయొచ్చు. పాట ఇల్లిల్లూ చేరిందంటే ఆ అచ్చు పుణ్యమే.

1902లో గైస్‌బర్గ్ అనే దొర కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించి రికార్డు చేశాడు. పాట చివర ఆవిడ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఎందుకంటావా? ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు పాడిందెవరో తెలియాలిగా. ఆ ప్లేట్లకు కావలసిన లక్క మాత్రం ఎక్కువగా మన దేశం నుంచే ఓడలెక్కేది. మన చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్క, సముద్రాలు దాటి వెళ్లి పాటగా తిరిగొచ్చేదన్నమాట. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మా చిన్నప్పుడు కరణంగారి అరుగు మీద కీ ఇచ్చి ప్లేటు పెడితే సగం ఊరు అక్కడే. ఘంటసాల పుష్పవిలాపం పద్యాలు నేను మొదట విన్నది ఆ అరుగు మీదే. ఒక పక్క మూడు నిమిషాలు, అంతే. ఆ కాసేపూ ఎవరూ దగ్గేవారు కాదు.

ఇక నీ కొట్టు సంగతి. ఇప్పుడు దొరికే ఇత్తడి బాకాల్లో చాలావరకు కొత్తవేరా. పాత పోర్టబుల్ పెట్టెల్లోంచి మోటారూ సౌండ్‌బాక్సూ పీకి కొత్త చెక్కలో బిగిస్తారు, పైన పాత కంపెనీ గుర్తుగా కుక్క బొమ్మ అంటిస్తారు. అసలువాటిలో చాలా బాకాలు రంగేసిన ఇనప రేకువి. పెట్టె తిరగేసి నంబరు పలక ఉందేమో చూడు. మూత తీయించి మోటారు చూడు. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమిన ఇత్తడి చూసి మోసపోకు.

అన్నిటికన్నా ముందు మన అటక వెతకండి. ప్లేట్లు కనిపిస్తే ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. అరిగిన సూది మాత్రం వాటి మీద పెట్టకండి నాయనా.